అలుగు దాటిన అమెజాన్ చేప

వల లాగితే బొచ్చె, శీలావతి పడాల్సిన చోట ఒళ్లంతా ఎముక పలకలు కప్పుకున్న నల్లమచ్చల చేపలు పడుతున్నాయని తెలుగు రాష్ట్రాల మత్స్యకారులు కొన్నేళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. అక్వేరియం దుకాణాల్లో అదే సక్కర్ ఫిష్. శాస్త్రవేత్తల లెక్కలో టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందిన కవచపు క్యాట్‌ఫిష్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ విభాగం పరిశోధకులు చెరువు నీటిలో కలిసి ఉండే డీఎన్ఏ జాడలను పట్టుకుని చేసిన అధ్యయనం 2024లో వెలుగులోకి వచ్చింది. తూర్పు కనుమల్లో వారు పరిశీలించిన జలవనరుల్లో 60 శాతం చోట్లకు ఈ చేప అప్పటికే చేరిపోయింది.

వార్తల్లో అందరూ ఆ 60 శాతం గురించే మాట్లాడారు. విధాన నిర్ణయం తీసుకోవాల్సిన వారు చూడాల్సింది మిగతా 40 శాతాన్ని. ఈ చేప ఒకసారి స్థిరపడిన పెద్ద జలాశయం నుంచి దాన్ని పూర్తిగా ఏరివేయడం దాదాపు అసాధ్యమని అమెరికా, మెక్సికో, ఫిలిప్పీన్స్ అనుభవాలు చెబుతున్నాయి. ఇంకా చేరని చెరువులోకి రాకుండా ఆపడం మాత్రం మన చేతుల్లో ఉంది, దానికి ఖర్చూ తక్కువే. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఈ తేడా తెలియకుండా ఎన్ని సమావేశాలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

సొంత గడ్డపై అది అందరి చేపే

మన నీళ్లలో ఎక్కువగా పేరు వినిపించే జాతి టెరిగోప్లిక్తిస్ పార్డాలిస్. 1855లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త కాస్టెల్నో దీన్ని అమెజాన్ చేపగా వర్ణించాడు. దీనికి దగ్గరి చుట్టం డిస్‌జంక్టివస్, అమెజాన్ ఉపనది మదీరా ప్రాంతానిది. పొట్ట మీద మచ్చలు విడివిడిగా ఉంటే మొదటిది, ఒకదానితో ఒకటి కలిసి వంకర గీతల్లా సాగితే రెండోది. బయటి దేశాలకు చేరాక ఇవి రెండూ కలిసిపోయి మధ్యరకం మచ్చలతో కూడా కనిపిస్తున్నాయి.

అమెజాన్ వరద మైదానాల్లో నది ఏటా పది మీటర్ల దాకా ఎగసి అడవిలోకి వచ్చేస్తుంది. నీరు తీసినప్పుడు మడుగులు మిగులుతాయి, వాటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అలాంటి చోట బతకడానికే ఈ చేప శరీరం రూపుదిద్దుకుంది. నీటి పైకి వచ్చి గాలి మింగితే దాని జీర్ణాశయమే ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. ఒళ్లు తడి ఆరకుండా ఉంటే నీళ్లు లేకుండా గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. మగచేప గట్టులోకి బొరియ తవ్వి, ఆడది అందులో పెట్టిన గుడ్లను పిల్లలయ్యేదాకా కాపలా కాస్తుంది. అంత కష్టపడి పెంచినా అక్కడ సంతానం మితిమీరదు. మొసళ్ల జాతికి చెందిన కైమాన్లు, రాక్షస నీటికుక్కలు, పెద్ద పెద్ద వేటచేపలు దాన్ని తింటాయి. మనుషులూ తింటారు. బ్రెజిల్‌లోని మానౌస్ నగరంలో దీన్ని బొదో అంటారు. చనిపోతే త్వరగా పాడవుతుంది కాబట్టి బజారుకు బతికున్నదాన్నే తెస్తారు, పులుసు పెడతారు, పెంకుతో సహా నిప్పుల మీద కాలుస్తారు. దిగువ అమెజాన్‌లో దాని మాంసాన్ని కాల్చి, పొడిచేసి, వేయించి పిరాకుయీ అనే చేపపిండి చేసి నిల్వ ఉంచుకుంటారు. పెరూ అడవి పల్లెల్లోనూ ఈ కవచపు చేపల పులుసు మామూలు తిండి.

ఇదే కుటుంబంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిలో ఒకటి, నలుపు తెలుపు చారల వేలెడంత జీబ్రా చేప, బ్రెజిల్ జింగూ నది పెద్ద వంపులో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. 11 వేల మెగావాట్లకు పైబడిన బెలో మోంటే జలవిద్యుత్ ప్రాజెక్టు ఆ వంపులోని నీటిని పక్కకు మళ్లించడంతో, పైగా అక్వేరియం వ్యాపారుల దొంగరవాణాతో, అది అంతరించే అంచుకు చేరింది. 2022లో అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో దాన్ని చేర్చారు. అద్దాల తొట్టి అందం కోసం నడిచే అదే వ్యాపారం ఒక చేపను దాని ఇంట్లో లేకుండా చేస్తోంది, దాని చుట్టాన్ని తెచ్చి మన ఇళ్ల మీదికి వదిలింది. కాబట్టి నిందించాల్సింది చేపను కాదు. మనకు పని ఉన్నది వ్యాపారంతో.

అసలు నష్టం ఎక్కడ?

ఈ చేప మిగతా చేపలన్నిటినీ తినేస్తుందన్న మాట గట్టిగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు, పైగా అసలు సమస్యను కప్పేస్తుంది. ఇది వేటాడే చేప కాదు. నోరు అడుగువైపు ఉంటుంది, సన్నటి పళ్లతో రాళ్ల మీది నాచును, అడుగు బురదలోని కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని గీకి తింటుంది. ఆ గీకుడులో నేలకు అతుక్కున్న వేరే చేపల గుడ్లు కూడా పోవచ్చు. ప్రధాన నష్టం మాత్రం తిండి దగ్గర, చోటు దగ్గర, గట్ల దగ్గర, వలల దగ్గర జరుగుతుంది.

మన చెరువుల్లో అడుగు మేత మీద బతికే ఎర్ర మోసు వంటి చేపలకు ఇది నేరుగా పోటీ. అంతకన్నా లోతైన మార్పును మెక్సికో చియాపాస్ రాష్ట్రంలోని చకామాష్ నదిలో క్రిస్టా క్యాప్స్, అలెగ్జాండర్ ఫ్లెకర్ అనే పరిశోధకులు గమనించి 2013లో ప్రచురించారు. కవచం నిండా ఎముకే కాబట్టి ఈ చేపకు ఫాస్ఫరస్ ఎక్కువ కావాలి. నదిలో ఫాస్ఫరస్ అంతంతమాత్రంగా ఉన్నచోట వేల చేపలు దాన్ని తమ ఒంట్లో బంధించి పెట్టుకుంటాయి. పగలు గుంపులుగా ఒకచోట పడి ఉంటాయి, అక్కడి నీటిలోకి వాటి విసర్జనతో నత్రజని కుప్పపడుతుంది. నాచు పెరగాల్సిన చోట పెరగదు. నాచుతో మొదలయ్యే తిండి గొలుసంతా మారిపోతుంది. చేపలు చేపల్ని తినకుండానే ఒక నది స్వభావం ఇలా మారుతుంది. వల బరువుగా ఉన్నా బుట్ట ఖాళీగా ఉందన్న మన మత్స్యకారుడి బాధకు సగం జవాబు ఇందులో ఉంది.

మిగతా సగం జవాబు మెక్సికోలోనే బాల్సాస్ నది మీది ఇన్ఫియర్నీయో జలాశయంలో దొరుకుతుంది. ఆ దేశపు అతిపెద్ద మంచినీటి చేపల వేటల్లో ఒకటి అక్కడ తిలాపియా మీద ఆధారపడి సాగేది. 1990ల మధ్యలో ఆ నదీ ప్రాంతంలో ఈ కవచపు చేప తొలిసారి కనబడింది. ఆ తర్వాతి దశాబ్దంలో వలల్లో పడేదాంట్లో పెద్ద భాగం అదే అయింది. కొనేవారు లేరు. ముళ్లు వలకు మెలిపడితే విడదీయడానికి చేయి కోసుకోవాలి, లేదా వలను కోసుకోవాలి. చిన్న పడవల మీద బతికిన కుటుంబాల ఆదాయం కుప్పకూలింది. అక్కడ కూడా ప్రజలు దాన్ని దెయ్యం చేప అనే పిలిచారు. మన కొల్లేరు ఒడ్డునో, మంజీర తీరానో వల కొనడానికి అప్పుచేసే కుటుంబానికి, ఆ జలాశయం ఒడ్డు కుటుంబానికి కష్టంలో తేడా లేదు.

గట్ల సంగతి మనకు మరీ ముఖ్యం. మగచేప తవ్వే బొరియ మీటరు పొడవు దాకా సాగుతుంది, ఒకే ఒడ్డులో పదుల సంఖ్యలో బొరియలు పడతాయి. అమెరికాలోని ఫ్లోరిడా కాలువలు, సరస్సుల్లో వీటివల్ల ఒడ్లు కోతకు గురయ్యాయి. నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదు, మట్టిని బట్టి మారుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేపల చెరువులన్నీ మట్టి గట్లతో కట్టినవే. కాలువ గట్టు, మురుగు కాలువ గట్టు, చెరువు గట్టు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. తెలంగాణలో కాకతీయుల నాటి చెరువు కట్టలూ మట్టివే. ఈ బొరియలు నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనబడవు. వేసవిలో నీరు దిగినప్పుడు మాత్రమే బయటపడతాయి. కట్టల తనిఖీకి వెళ్లే నీటిపారుదల ఇంజినీర్లకు ఈ చేప గురించి, ఈ బొరియల గురించి ఒక్క పేజీ సూచన ఇచ్చినా చాలా మేలు.

పక్షుల విషయమూ మరవకూడదు. ప్యూర్టోరికోలో ఈ చేపను మింగబోయి, నిలబడిన ముళ్లు గొంతులో అడ్డుపడి పెలికాన్లు చనిపోయిన సంఘటనలు 1990ల్లోనే నమోదయ్యాయి. కొల్లేరు ఆటపాకలో ఏటా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే పెలికాన్ల కోసం మనం గట్లు వేశాం, మంచెలు కట్టాం. వాటి మేతలోకి ఈ చేప ఎంతవరకు చేరుతోందో అటవీశాఖ నిరంతరం చూసుకోవాలి.

ఎలా వచ్చింది, ఎలా పాకుతోంది

దుకాణంలో ఇది వేలెడు పొడవుంటుంది. అద్దానికి అంటుకుని నాచు గీకుతుంటే పిల్లలు సంబరంగా చూస్తారు, తొట్టి శుభ్రంగా ఉంటుందని పెద్దలు కొంటారు. ఇది అడుగు దాటి ఒకటిన్నర అడుగు దాకా పెరగగలదని కొనేవారికి సాధారణంగా ఎవరూ చెప్పరు. పెరిగాక తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పదు. దగ్గర్లోని చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. దయతో చేసిన ఆ పనే వందల కుటుంబాల వేట మీద దెబ్బ. రంగుచేపలను పెంచే కేంద్రాల నుంచి వరదల్లో కొట్టుకుపోయినవి మరికొన్ని. కేరళ కాలువల్లో ఈ సమస్యను 2009 నాటికే పరిశోధకులు రాశారు. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లో మురుగునీటి ఆధారంగా చేపలు పెంచే రైతులు ఏళ్లుగా దీనితో సతమతమవుతున్నారు. తెలంగాణ చెరువుల్లో ఇది ఉన్నట్లు 2017లో పరిశోధన పత్రం వచ్చింది. అంటే ముందస్తు హెచ్చరికలకు కొదవ లేదు.

ఇక్కడ మన నేలకే ప్రత్యేకమైన ఒక చిక్కుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు, అది నిండితే దాని కిందిదానికి. వందల ఏళ్లుగా కరువును తట్టుకోవడానికి మన పెద్దలు చేసిన ఏర్పాటు ఇది, దీనికి సాటి లేదు. అదే దారిలో ఇప్పుడు ఈ చేప కూడా దిగుతోంది. పై చెరువులో ఒకసారి నిలదొక్కుకుంటే కిందివన్నీ వరసగా ప్రమాదంలో పడతాయి. ఎత్తిపోతల పథకాలతో నదుల నీరు ఇప్పుడు ఎన్నడూ కలవని చెరువుల్లోకి చేరుతోంది. పరీవాహకాల మధ్య ఉన్న సహజమైన అడ్డుగోడలను ఆ పైపులు, కాలువలు దాటించేశాయి. నీరివ్వడం తప్పని నేను అనను. నీటితో పాటు ఏం వెళుతోందో చూసే బాధ్యత ఆ పథకాల ఖర్చులోనే భాగం కావాలి.

ఇంకో దారి చేపపిల్లల సరఫరా. తెలంగాణ 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే కార్యక్రమం పెద్దఎత్తున చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ హేచరీలు, నర్సరీల నుంచి దేశంలోని అనేక ప్రాంతాలకు పిల్లలు వెళతాయి. నర్సరీ చెరువులో ఈ చేప ఉంటే, లారీలో పోసిన పిల్లల మధ్య పది కలిసినా ఎవరూ గుర్తించలేరు. లెక్క చూసేటప్పుడు సంఖ్య, సైజు మాత్రమే చూస్తే చాలదు.

చట్టం ఉంది, వాడాలి

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 62ఏ అనే కొత్త సెక్షన్ చేరింది. దేశానికి పరాయివై, మన జీవజాలానికి ముప్పు తెచ్చే జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, ఇంట్లో ఉంచుకోవడాన్ని, వ్యాప్తిని నియంత్రించే లేదా నిషేధించే అధికారం దాంతో కేంద్రానికి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. టెరిగోప్లిక్తిస్ ప్రజాతి మొత్తాన్ని దాని కింద నోటిఫై చేయాలి. ఒక్క జాతి పేరు రాస్తే సంకరజాతి పేరుతో వ్యాపారం సాగిపోతుంది. పొరుగున బంగ్లాదేశ్ 2023 జనవరిలోనే సక్కర్ చేపపై నిషేధం విధించింది. అదే ఏడాది సెప్టెంబరులో విడుదలైన అంతర్ ప్రభుత్వ జీవవైవిధ్య వేదిక నివేదిక, ఆక్రమణ జాతుల వల్ల ప్రపంచానికి ఏటా కలుగుతున్న నష్టాన్ని 42,300 కోట్ల డాలర్లకు పైగా లెక్కగట్టింది. 2030 నాటికి కొత్త ఆక్రమణ జాతుల రాకను కనీసం సగానికి తగ్గిస్తామన్న కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో మన దేశమూ భాగస్వామి.

నిషేధం ఒక్కటే సరిపోతుందనుకుంటే పొరపాటు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. ఇప్పటికీ తెలుగు రాష్ట్రాల్లో దొంగచాటు చెరువులపై దాడులు జరుగుతూనే ఉన్నాయి. రూప్‌చంద్ అని మనం తినే చేప కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, సక్రమమైన అనుమతుల దారిలో రాలేదు. అందుకే కాగితం మీది నిషేధానికి తోడు రెండు ఏర్పాట్లు ఉండాలి. ఇంట్లో ఇప్పటికే ఈ చేపను పెంచుకుంటున్నవారు జరిమానా భయం లేకుండా మత్స్యశాఖ కార్యాలయంలోనో, అమ్మిన దుకాణంలోనో అప్పగించే వీలు కల్పించాలి. అలా చేయకపోతే నిషేధం వచ్చిన మర్నాడే వేల చేపలు కాలువల పాలవుతాయి. రెండోది, అలంకార చేపల యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఈ జాతిని పెంచనన్న హామీని, తనిఖీని షరతుగా పెట్టాలి. చేపల పెంపకం రాష్ట్రాల పరిధిలోని అంశం. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆక్వా రంగానికి ప్రత్యేక అథారిటీని చట్టంతో ఏర్పాటు చేసుకుంది. హేచరీల లైసెన్సుల్లో ఈ షరతు చేర్చడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

పట్టి అమ్ముకుంటే సరిపోతుంది కదా అన్న సలహా తరచూ వినబడుతుంది. దాణాకు, ఎరువుకు వాడవచ్చన్నది నిజమే. నాకు దీనిపై రెండు భయాలున్నాయి. ఇది బురద మేసే చేప, మూసీ వంటి కలుషిత జలాల్లో పట్టినదాని ఒంట్లో భారలోహాలు చేరే ప్రమాదం ఉంది, పరీక్షించకుండా తిండి గొలుసులోకి పంపకూడదు. రెండోది ఇంకా పెద్దది. ఒక చేపకు లాభసాటి బజారు ఏర్పడితే దాన్ని లేనిచోట కూడా వదిలేవారు పుడతారు. అందుకే వ్యాపారులకు కాకుండా, మత్స్య సహకార సంఘాలకే కిలో చొప్పున ప్రభుత్వం ధర చెల్లించి సేకరించాలి. పరీక్షలో గట్టెక్కినదాన్నే దాణాకో ఎరువుకో పంపాలి, మిగతాదాన్ని పూడ్చాలి. చిరిగిన వలకు పరిహారం కూడా అదే పద్దు నుంచి ఇవ్వాలి. తన వల పోయినా దీన్ని పట్టి ఒడ్డున వేసే మత్స్యకారుడు ప్రజల పని చేస్తున్నాడు, దానికి కూలి ఇవ్వడం న్యాయం.

దీని బలహీనత ఒకటి మనకు కలిసివస్తుంది. గుడ్లు నీటిలో కొట్టుకుపోవు, బొరియల్లోనే ఉంటాయి. మన చిన్న చెరువులు వేసవిలో అడుగంటుతాయి. అమెజాన్ మడుగుల కంటే కఠినంగా ఎండే నేల మనది, అయినా తడి మిగిలిన బొరియలో ఈ చేప దాక్కుని వానల దాకా ఓపిక పట్టగలదు. ఏప్రిల్, మే నెలల్లో పూడిక పనులతో పాటే కట్ట వెంట బొరియలు వెతికి, చేపలు తీసి, మట్టి కూరి దట్టిస్తే ఒక తరం సంతానం ఆగుతుంది. ఊరి మత్స్యకారులకే ఆ పని అప్పగిస్తే వేట లేని రోజుల్లో కూలి దొరుకుతుంది.

డీఎన్ఏ పరీక్షకు కావాల్సింది సీసాడు నీళ్లు. ప్రతి గొలుసుకట్టులో అన్నిటికంటే పైనున్న చెరువును, ఎత్తిపోతల నీరు తొలిసారి దిగే జలాశయాన్ని, చేపపిల్లలు సరఫరా చేసే ప్రతి నర్సరీని ముందు పరీక్షించాలి. సీసీఎంబీ దగ్గర పద్ధతి సిద్ధంగా ఉంది, రెండు రాష్ట్రాల మత్స్యశాఖలూ దానితో ఒప్పందం చేసుకుంటే చాలు. చెరువులు నిండాక, వానాకాలం నడుమ పిల్లలను వదులుతారు కాబట్టి పరీక్షలు జూన్‌కే ముగియాలి. ఏ చెరువులో ఈ చేప ఉందో, ఏ చెరువులో లేదో, ఏ నర్సరీ నుంచి పిల్లలు తీసుకోవచ్చో చెప్పే జాబితా చేపపిల్లల సరఫరా టెండర్లు తెరవకముందే గ్రామ మత్స్య సహకార సంఘాల చేతికి అందాలి. జాబితాలో లేని నర్సరీ లారీని చెరువు కట్ట మీదే ఆపే హక్కు కూడా ఆ సంఘాలకే ఇవ్వాలి.